తలుపు వెనక జవాబు

మా ఊళ్లో వార్త పుట్టడం సులువే, అది కాగితం మీదికి ఎక్కడమే కష్టం. ఆ కష్టం పదహారేళ్లు నేనే పడ్డాను. ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున్నే స్కెల్‌థార్ప్ ఊరి హాలు వెనక గదిలో సైక్లోస్టైల్ మిషన్ పిడి తిప్పుతూ నిలబడేదాన్ని. చేతులకు అంటిన సిరా ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు కూడా వదిలేది కాదు.

ఆ గదిలో ఎప్పుడూ మూడు వాసనలు. సిరా, తడిసిన ఉన్ని కోట్లు, మ్యూరియల్ డ్రింగ్ కాచే టీ. మ్యూరియల్‌ది మా ఊరికి ఉన్న ఒకే ఒక కొట్టు, తపాలా పనీ ఆవిడదే. ఆవిడ టీకీ కషాయానికీ తేడా రంగులో మాత్రమే ఉండేది. నేను కాగితాలు తీస్తుంటే ఆవిడ మడతలు పెట్టేది, ఇద్దరం కలిసి ఊరందరినీ ఉతికి ఆరేసేవాళ్లం. అందులో అచ్చుకెక్కేది పావు వంతు. మిగతాది మ్యూరియల్ కొట్లో సరుకులతో పాటు పొట్లం కట్టి ఇచ్చేది.

పత్రిక పేరు ‘స్కెల్‌థార్ప్ కబురు’. నాలుగు పేజీలు. ఈ వారం చర్చిలో పూలు పెట్టే వంతు ఎవరిది, ఎవరి ఆవు సమాధుల్లోకి దూరింది, ఏ దారి బురదైంది, ఎవరు పోయారు. నలుగురం పంచేవాళ్లం. నా వంతుకు చర్చి వెనక సందు, పద్నాలుగు ఇళ్లు. అందరూ ముసలివాళ్లే, చాలామంది ఒంటరివాళ్లే. మా ఆయన పోయాక ఆ జాబితాలో నేనూ చేరాను.

పంచడానికి మాకో పద్ధతి ఉంది. నలభై ఏడు నాటి పెద్ద మంచులో ఒక ముసలాయన తన ఇంట్లో చచ్చిపోయి పంతొమ్మిది రోజులకు గానీ బయటపడలేదు. తలుపు సందులోంచి జారవిడిచిన కాగితాలు ఆయన కాళ్ల దగ్గర పడున్నాయట. ఊరు సిగ్గుతో చచ్చిపోయింది. అప్పటి నుంచి ఒకటే నియమం. తలుపు తట్టాలి. లోపల్నుంచి “ఇంకా ఉన్నా!” అని జవాబు రావాలి. వచ్చాకే కాగితం వేయాలి. రాకపోతే పెరటి వైపు వెళ్లి కిటికీలోంచి చూసి తీరాలి. ఈ నియమం వల్ల ముగ్గురు బతికారు. ఆ మాట నేనే గొప్పగా అచ్చేశాను.

ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. సందు చివర ఉండే సిరిల్ ఓడ్లింగ్ మాజీ సైనికుడు, కవాతులో పేరు పిలిస్తే పలికినట్టు పలికేవాడు. ఆయనకు నాలుగిళ్ల ఇవతల డోర్కస్ మావర్. ఆమె “ఇంకా ఉన్నా!” అని, ఆ వెంటనే చేతిలోని చెక్క గరిటెతో తలుపును లోపల్నుంచి రెండుసార్లు కొట్టేది. టక్ టక్. ఎప్పుడు వెళ్లినా ఆమె చేతిలో గరిటె ఉండేది. ఎప్పుడూ ఏదో ఒకటి పొయ్యి మీద ఉడుకుతూనే ఉండేది.

డోర్కస్ నా ఈడుదే. బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నాం. ప్రతి సెప్టెంబరులో ఊరి ప్రదర్శనలో జామ్ పోటీ ఉండేది, మా కంచెల్లో కాసే పుల్లటి ఊదారంగు డామ్సన్ పళ్లతో. పదకొండేళ్లు వరసగా మొదటి బహుమతి ఎర్ర కార్డు డోర్కస్‌కి. పదకొండేళ్లు వరసగా రెండో బహుమతి నీలం కార్డు నాకు. అవన్నీ నా వంటింటి సొరుగులో ఉండేవి. చెంచా కోసం సొరుగు లాగిన ప్రతిసారీ నా కడుపులో మంట రాజుకునేది. ఇంత చిన్న విషయానికా అంటారు. మీరు పదకొండేళ్లు రెండోవాళ్లుగా ఉండి చూడండి.

మా ఆడవాళ్లం ఏడాది పొడుగునా ఖాళీ సీసాలు దాచి ఒకరికొకరం ఇచ్చుకుంటాం. పోటీకి పెట్టే సీసా మీద ఏ కంపెనీ పేరూ ఉండకూడదని నియమం. ఆ ఏడాది డోర్కస్ కళ్లలో పొర ముదిరింది. నేను ఆమెకు పన్నెండు సీసాలు కడిగి, తళతళా తుడిచి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాను. అందులో అన్నిటికన్నా అందమైన సీసా అడుగున, గాజులోనే కలిసిపోయిన చిన్న అక్షరాలతో ఒక జామ్ కంపెనీ పేరుంది. తెలియక ఇచ్చానని మీకు చెప్పొచ్చు. ఇన్నాళ్లూ నాకు నేను అదే చెప్పుకున్నాను. తెలిసే ఇచ్చాను. ఆ సీసాయే ముందు చేతికందేలా పైన సర్ది మరీ ఇచ్చాను.

ప్రదర్శన రోజు బల్లల మీద నియమాలు చూసే పెత్తనం సిరిల్‌ది. ఆ సీసా ఎత్తి, అడుగు తిప్పి, కళ్లజోడు సవరించుకుని కంపెనీ పేరు గట్టిగా చదివాడు.

“ఏం డోర్కస్, పదకొండేళ్లూ మాకు కొట్లో జామే తినిపించావా?”

హాలంతా నవ్వింది. నిజానికి తప్పు సీసాది, జామ్‌ది కాదు. సిరిల్‌కి తెలుసు, నాకూ తెలుసు. కానీ నవ్వొచ్చాక ఎవరాపుతారు? డోర్కస్ తన మంచి టోపీ పెట్టుకుని వచ్చింది. రెండు చేతులూ చాపింది.

“నా చెట్టు పళ్లు సిరిల్. నా చేతులు చూడు, ఇంకా రంగు పోలేదు.”

సిరిల్ చూడలేదు. ‘నిబంధనల ప్రకారం లేదు’ అన్న కార్డు సీసాకు ఆనించాడు. ఎర్ర కార్డు నాకొచ్చింది.

అక్కడితో ఆగితే సరిపోయేది. నేను ఆగలేదు. అక్టోబరు ‘కబురు’లో ఇలా వేశాను: ‘జామ్ విభాగంలో ఒక సీసాను తొలగించారు. ఇంట్లో చేసినదానికీ కొన్నదానికీ తేడా తెలిసే న్యాయనిర్ణేతలు మనకు ఉన్నందుకు సంతోషం.’ పేరు వేయలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేది దొంగే అంటారు. ఇక్కడ ఆ అవసరమే రాలేదు, ఊరంతా కలిసి ఆమె భుజాలు తడిమింది. చర్చిలో ఆమె పక్కన కూర్చునేవాళ్లు కరువయ్యారు. పూల వంతుల పట్టీలో ఆమె పేరు ఎవరో కొట్టేశారు.

డోర్కస్ హాలు వెనక గదికి వచ్చింది. చేతిలో ఉత్తరం. మ్యూరియల్ కెటిల్ నింపడానికి బయటికి వెళ్లింది.

“ఇది వేస్తావా?”

“చోటు లేదే.”

“నాలుగు ముక్కలే. నేను ఎవర్నీ మోసం చెయ్యలేదని.”

“వచ్చే నెల చూద్దాం.”

ఆమె గొంతు తగ్గించింది. “ఆ సీసా నువ్విచ్చిందే కదే ఈనిడ్?”

“ఏ సీసా?” అన్నాను.

ఆమె తడుముకుంటూ ఉత్తరాన్ని మిషన్ పక్కన పెట్టింది. “అయితే నీ కాగితం ఇక నా గుమ్మంలో పడక్కర్లేదు” అని వెళ్లిపోయింది. కోపంలో అన్న మాట. ఆ మాట కోసమే కాచుకున్నట్టు, గోడకున్న నా జాబితాలో ఆమె పేరు మీద పెన్సిల్‌తో అడ్డంగా గీత గీశాను. పద్నాలుగు పదమూడైంది. ఉత్తరం పొయ్యిలోకి పోయింది.

నవంబరు పంపకం శనివారం నాడు జరిగింది. ఆ తర్వాతి బుధవారం పాలవాడు డోర్కస్ గడప మీద సీసాలు పేరుకుపోయి ఉండటం చూసి తలుపు బద్దలు కొట్టించాడు. మెట్ల మీద నుంచి జారి, తుంటి ఎముక విరిగి, తలుపు దాకా పాక్కుంటూ వచ్చింది. పంపకానికి ముందు రోజు, శుక్రవారమే పడి ఉంటుందని, సోమవారం దాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడు. చేతిలో చెక్క గరిటె ఉంది. తలుపు కింది పలక మీద కొట్టి కొట్టి చేసిన సొట్టలున్నాయి.

‘ఎవరికీ తెలియలేదు పాపం’ అన్నారంతా. నేనూ అన్నాను. నాలుగు వాక్యాలు రాసి నల్ల గీతల మధ్య అచ్చేశాను. అప్పుడు చోటు దొరికింది.

అది డిసెంబరు ‘కబురు’. దాన్ని పంచడానికి బయల్దేరిన సాయంత్రం గురించే చెప్పాలి.

మా దగ్గర డిసెంబరులో నాలుగింటికే చీకటి. ఆ రోజు కాలవ మీద నుంచి పొగమంచు లేచి సందులోకి వచ్చింది. నా చేతిలోని టార్చి వెలుగు నాలుగడుగులు వెళ్లి ఆగిపోతోంది. బొగ్గు పొగ వాసన, కుళ్లిన ఆకుల వాసన. ఎక్కడో గొర్రె ఒకటి దగ్గింది, అచ్చం మనిషిలా. ఒక్కో తలుపూ తట్టుకుంటూ పోయాను.

“ఇంకా ఉన్నా!”

“ఇంకా ఉన్నానే తల్లీ, నీ కోసమే!”

“ఉన్నా ఉన్నా, త్వరగా వేసిపో, చలి లోపలికొస్తోంది!”

ఆ మాటలు వింటుంటే ధైర్యంగా ఉండేది. తొమ్మిదిళ్లు అయ్యాయి. పదోది డోర్కస్ ఇల్లు. తాళం వేసి ఉంది, తాళంచెవి ఎక్కడో దూరాన ఉన్న ఆమె అక్క కొడుకు దగ్గరుంది. గేటు దాటి వెళ్లిపోవడమే. తల వంచుకుని నడిచాను.

వాసన వచ్చింది.

ఉడుకుతున్న డామ్సన్ పళ్ల వాసన. పంచదార కాస్త అడుగంటి, మాడటానికి ముందు వచ్చే ఆ ఘాటు. చెట్ల మీద ఒక్క పండూ లేని డిసెంబరులో. కిటికీలో దీపం లేదు. పొగగొట్టంలో పొగ లేదు. నా కాళ్ల కింద కంకర చప్పుడు ఆగింది. నేనే ఆగానని అప్పుడు తెలిసింది.

“ఇంకా ఉన్నా...”

తలుపు వెనక నుంచి. నిలబడ్డ మనిషి గొంతు ఉండే ఎత్తులో కాదు. కింద నుంచి. గడప దగ్గర నుంచి.

టక్... టక్.

ఇక్కడ నేనొకటి చెప్పాలి. ఆ మాట అక్కడ, అంత కింది నుంచి వినడం నాకు అది మొదటిసారి కాదు. నవంబరు శనివారం కూడా విన్నాను. జాబితాలో ఆమె లేదు కాబట్టి తట్టకుండా గేటు ముందు నుంచి పోతుంటే, నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి పిలిచింది. “ఇంకా ఉన్నా! ఇంకా ఉన్నా!” అని మూడు నాలుగుసార్లు. గరిటెతో కొట్టింది. నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను. కాదు. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉంటుంది కాబట్టి అనుకున్నాను. గడప మీద రెండు పాల సీసాలు కూడా కనబడ్డాయి. చూసి, కాలర్ ఎత్తుకుని, వెళ్లిపోయాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఒక్క మనిషికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం పరిగెత్తాను. నా వయసుకు దాన్ని పరుగనకూడదేమో. మధ్యలో ఇళ్లు ఎలా పూర్తిచేశానో తెలియదు. చివర సిరిల్ ఇల్లు. ఆ తలుపు చూడగానే ప్రాణం లేచొచ్చింది. గట్టిగా తట్టాను.

జవాబు లేదు.

లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడు. బరువైన ఇనప వస్తువు రాతి నేల మీద... కాస్త... ఆగి... మళ్లీ కాస్త. పొయ్యిలో బొగ్గు వేసుకుంటున్నాడనుకున్నాను.

“సిరిల్?” అన్నాను.

“ఇంకా ఉన్నా!”

కవాతు గొంతు. ఖణీమని. తలుపుకు ఆనుకుని నిలబడి పలికినంత దగ్గరగా. హమ్మయ్య అనుకుని కాగితం తలుపు సందులో పెట్టాను. సగం దాకా వెళ్లింది.

లోపల్నుంచి ఎవరో దాన్ని పట్టుకున్నారు.

మెల్లగా లాగారు. నేను వదల్లేదు, వేళ్లు బిగుసుకుపోయాయి. ఇంకాస్త మెల్లగా, ఓపిగ్గా లాగారు. కాగితం నా వేళ్లలోంచి జారి లోపలికి పోయింది. ఆ సందులోంచి వెచ్చటి గాలి నా మణికట్టుకు తగిలింది. డామ్సన్ జామ్ వాసన. గుడ్డు ఉడకేసుకోవడం కూడా రాని సిరిల్ ఇంట్లో.

టక్ టక్. కింది పలక మీద.

పెరటి వైపు వెళ్లి చూడాల్సింది. కానీ జవాబు వచ్చిందిగా? నియమం ప్రకారం జవాబు వస్తే చాలు. నేను నియమం పట్టుకుని ఇంటికి పారిపోయి తలుపు గడియ వేసుకున్నాను.

మర్నాడు చర్చి గంట మోగలేదు. గంట కొట్టేది సిరిల్. వెళ్లి చూస్తే పొయ్యి ముందు పడి ఉన్నాడు. శనివారం మధ్యాహ్నం పక్షవాతం కొట్టి నోరు, కుడి పక్క పడిపోయాయని, అర్ధరాత్రి దాకా బతికే ఉన్నాడని డాక్టరన్నాడు. సాయంత్రం ఎవరైనా చూసి ఉంటే దక్కేవాడట. ఆడుతున్న ఎడమ కాలితో బొగ్గు బకెట్టును నేల మీద తోస్తూ చప్పుడు చేశాడు. రాయి మీద ఆ గీతలున్నాయి. పొయ్యికీ వీధి తలుపుకీ మధ్య ఇరవై అడుగులుంటాయి. ‘కబురు’ తలుపు దగ్గర పడి లేదు. అతని గుండెల మీద చక్కగా పరిచి ఉంది.

మ్యూరియల్ తన కొట్లో, నలుగురి ముందు అడిగింది.

“నిజం చెప్పు ఈనిడ్. తట్టావా?”

“తట్టాను. జవాబిచ్చాడు.”

“నోరు పడిపోయినవాడు జవాబెలా ఇస్తాడే?”

“నా చెవులతో విన్నాను మ్యూరియల్!”

ఒకావిడ తన సంచీ తీసుకుని మెల్లగా బయటికి నడిచింది. నేను చూపు తిప్పిన చోటల్లా వీపులే కనబడ్డాయి. ఆ వారమే కమిటీ వచ్చి సైక్లోస్టైల్ గది తాళంచెవి అడిగింది. నా సందు పంపకం కూడా మ్యూరియల్‌కే అప్పగించారు. జనవరి పత్రిక రాసింది ఆవిడే. అందులో ఏం పడబోతోందో నాకు అచ్చుకు ముందే ఒక మంచావిడ వచ్చి చెప్పిపోయింది: ‘జవాబు వినకుండా కాగితం వేయడం కన్నా అసలు పంచకపోవడమే మేలని మనవి.’ పేరు వేయలేదు.

పేరు లేకపోతే ఎంత నొప్పిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత.

పంపకానికి ముందు రోజు, శుక్రవారం సాయంత్రం, సామాన్ల గదిలో పై అరలో ఏదో దొర్లిన చప్పుడైతే స్టూలెక్కాను. స్టూలు కాలు పక్కకు పోయింది. పడ్డాక, నా తొడలో విరిగిన చప్పుడు నాకే వినిపించింది. దీపం వెలుగుతూనే ఉంది. నేను కదల్లేకపోయాను. రాత్రంతా చర్చి గడియారం లెక్కపెట్టాను. భయం వేయలేదు, నిజం చెప్తున్నాను. రేపు శనివారం. మ్యూరియల్ వస్తుంది. తట్టినప్పుడు నేను పలక్కపోయినా పెరటి కిటికీలోంచి చూస్తుంది. మా ఊరి నియమం అంత గట్టిది.

నాలుగింటికి కంకర మీద అడుగులు. వాటితో పాటు మ్యూరియల్ పెంచుకునే కుక్క గొలుసు చప్పుడు. తలుపు తట్టింది.

నోరు తెరిచాను. ఎండిపోయిన గొంతులోంచి “మ్యూరి...” అని గాలి మాత్రం వచ్చింది.

“ఇంకా ఉన్నా!”

నడవాలోంచి. నా గొంతు. నాదే... కానీ ఆరోగ్యంగా, హుషారుగా ఉంది.

“అబ్బో, ఇవాళ గొంతు బావుందే!” అంది మ్యూరియల్ బయట. ఎన్నాళ్ల తర్వాతో కాస్త మెత్తగా. “ఏం వండుతున్నావే? వాసన వీధిలోకొచ్చేస్తోంది.”

“జామ్. మంగళవారం ఖాళీ సీసా పట్టుకుని పెరటి వైపు రా, ఇస్తాను.”

“సరేలే, వస్తాను.”

కాగితం పడిన చప్పుడు. అడుగులు దూరమయ్యాయి. నేను ఏడుస్తూ నేలను గోళ్లతో గీకాను. కుక్క ఒక్కటే గేటు దగ్గర చాలాసేపు మొరిగింది. మ్యూరియల్ దాన్ని కసిరి లాక్కుపోయింది.

తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం. నడవాలో, నేలకు దగ్గరగా, ఏదో మెల్లగా ఇటు పాకుతోంది. ఉన్ని బట్ట రాతి మీద రాసుకుంటున్న చప్పుడు... ఆగి... మళ్లీ. టక్. ఆగి... టక్. సామాన్ల గది గుమ్మం దాకా వచ్చి ఆగింది. నేను తల తిప్పలేదు. తిప్పలేకపోయాను.

“డోర్కస్,” అన్నాను గుసగుసగా. “ఆ సీసా నేనే ఇచ్చానే. తెలిసే ఇచ్చాను.”

ఉన్ని బట్ట మళ్లీ రాతి మీద రాసుకుంది.

“ఆ రోజు నువ్వు పిలవడం కూడా విన్నాను.”

నా చెవి పక్కనే, నేల మీద నుంచి, వెచ్చటి ఊపిరి.

“తెలుసు” అంది.

సోమవారం పొద్దున పాలవాడు వచ్చాడు. వాడికి నా గొంతే చెప్పింది, ఈ వారం పాలొద్దు బాబూ అని. వాడు ఈల వేసుకుంటూ పోయాడు. డోర్కస్ సంగతి బయటపెట్టింది పాలసీసాలే కదా, ఆ గొంతు అది మర్చిపోలేదు.

మంగళవారం మ్యూరియల్ ఖాళీ సీసా పట్టుకుని పెరట్లోంచి వచ్చి నన్ను చూసి కెవ్వుమంది. అలా బతికాను. నన్ను రమ్మన్నది నువ్వే కదే అని ఆవిడ ఇప్పటికీ అంటుంది. పిలిచిందెవరో చెప్తే, నొప్పిలో కలవరించావంది. నన్ను బతకనివ్వడం దయ అనుకునేరు. చచ్చిపోతే ఒక్కసారితో అయిపోతుంది. అలా అయిపోవడం దానికి ఇష్టం లేదు.

ఇప్పుడు నేను పక్క టౌన్లో వృద్ధుల ఆశ్రమంలో ఉంటున్నాను. పదకొండో నంబరు గది. కాలు ఇక నిలవదు, మంచం, కుర్చీ తప్ప లోకం లేదు. ఇక్కడ హేజెల్ అనే పిల్ల రోజూ పొద్దున ఎనిమిదింటికి అందరి తలుపులూ తడుతుంది. జవాబు రాకపోతే తెరిచి చూస్తుంది. ఏడున్నర నుంచే తయారుగా కూర్చుని, మొదటి దెబ్బ పడకముందే నేను అరిచేదాన్ని: “ఇంకా ఉన్నా! నేనే! నేనే అంటున్నా!” పక్క గదులవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ. ఏడాదిన్నర పాటు నాకంటే ముందు ఎవరూ పలకలేదు.

నిన్న సాయంత్రం హేజెల్ మందులు తెచ్చింది.

“మీరన్నట్టే చేశానండీ మిసెస్ బ్లాంచర్డ్. జాబితాలో మీ గది కొట్టేశాను.”

“నేనేమన్నాను?”

“అదేంటండీ! ఇందాకే కదా, తలుపు లోపల్నుంచి చెప్పారు. పొద్దున్నే తట్టి లేపొద్దు, అవసరమైతే నేనే తడతానని. రెండుసార్లు కొట్టి మరీ చూపించారు. దేంతో కొట్టారు, చెంచాతోనా?”

ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. “నేను కాదమ్మా. మళ్లీ రాసుకో. నా పేరు మళ్లీ రాసుకో తల్లీ. జవాబు వచ్చినా నమ్మొద్దు, తలుపు తెరిచి చూడు.”

“సరే సరే, రాస్తాను. ఏడవకండి” అంది. నా దుప్పటి సర్ది, బయటికి వెళ్లి తలుపు మూసింది.

మూసిన తలుపుకు ఇవతల, కింద నుంచి, నా గొంతు నవ్వుతూ పలికింది.

“ఊరికే అన్నానులే హేజెల్. కొట్టేసే ఉంచు.”

“మీ ఇష్టమండీ!” అంది ఆ పిల్ల, వెళ్లిపోతూ.

నేను అరిచాను. నడవాలో ఎవరో రేడియో పెద్దది చేశారు.

ఇవాళ ఎనిమిదింటికి హేజెల్ పదో నంబరు తట్టింది. పన్నెండో నంబరు తట్టింది. అప్పటి నుంచి ఇది రాస్తున్నాను, నా గొంతుతో ఇంకెవరూ పలకలేని మాట ఒక్క కాగితం మీదే కుదురుతుంది కాబట్టి. ఇది ఎవరి చేతికి దొరికితే వాళ్లు నా గదికి రండి. తట్టకండి. పిలవకండి. లోపల్నుంచి ఎంత బాగా పలికినా వెనక్కి తిరగకండి, తలుపు తెరవండి.

కిటికీ గట్టు మీద ఒక సీసా ఉంది. పొద్దున నేను కళ్లు తెరిచేసరికే ఉంది, బోర్లించి, అడుగున అక్షరాలు నాకు కనబడేలా. ఎవరు పెట్టారో తెలియదు. చెయ్యి చాపి ముట్టుకున్నాను. ఇంకా వేడిగా ఉంది.